గ్రహణం ఎవరికి విడిచింది?

విహితకర్మలను పూర్వమీమాంసకులు నిత్యం, నైమిత్తికం, కామ్యం అని మూడు విధాలుగా విభజించి చెబుతారు. సంధ్యావందనం నిత్యకర్మ, అది ప్రతిదినం ఆచరింపదగినది. ఫలాపేక్షతో చేసేది కామ్యకర్మ. ఇక నైమిత్తికం ఒకానొక నిమిత్తం సంభవించినప్పుడు మాత్రమే కర్తవ్యమవుతుంది. గ్రహణస్నానం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణం. గ్రహణం పట్టినప్పుడు స్నానం, జపం, ఉపవాసం విధులు. గ్రహణం లేని దినాన ఆ నియమాలు లేవు. నిమిత్తం ఉన్నంతకాలం కర్మ ఉంటుంది. నిమిత్తం తొలగితే కర్మ కూడా తొలగుతుంది. శాస్త్రంలో ఇంత సుబోధంగా కనబడే ఈ విషయం లోకవ్యవహారంలో ఎంత దుర్గ్రాహ్యమో 2022వ సంవత్సరం ఫిబ్రవరి మాసంలో ఒక వృద్ధపండితునికి అనుభవానికి వచ్చింది.

ఆయన కృష్ణా జిల్లాలో మూడు దశాబ్దాలకు పైగా సంస్కృతం బోధించి విశ్రాంతి పొందినవారు. భార్యాసమేతంగా కుమార్తె వద్ద, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మిల్పిటాస్ నగరంలో ఉంటున్నారు. అక్కడి తెలుగువారందరికీ ఆయన మాస్టారు. ఆయన ధర్మపత్ని అమ్మగారు. ప్రతి శనివారం సాయంకాలం ఒక అద్దె హాలులో ముప్ఫై నలభై మంది కూడేవారు. మొదట పిల్లలకు శ్లోకోచ్చారణ, అటుపిమ్మట పెద్దలకు గీతాప్రవచనం, చివర హారతి, ప్రసాదం. మహమ్మారి వచ్చిన తరువాత ఏడాదికి పైగా ఈ సత్సంగం జూమ్ తెర మీదనే సాగింది. తిరిగి ఒకే కప్పు క్రింద కూర్చునే భాగ్యం కలిగినప్పుడు పలువురి కన్నులు చెమర్చాయి. అయితే అందరి ముఖాలకూ మాస్కులు ఉన్నాయి.

మిల్పిటాస్ నగరం శాంటా క్లారా కౌంటీలోనిది. సుమారు 19 లక్షల జనాభా గల ఆ కౌంటీ మహమ్మారి విషయంలో మొదటినుండి కఠినంగానే వ్యవహరించింది. 2020 మార్చి 16న ఆ ప్రాంతపు ఆరు కౌంటీలు కలిసి ప్రజలను ఇండ్లలోనే ఉండమని ఆదేశించాయి. దేశంలో అటువంటి ఆజ్ఞ వెలువడటం అదే ప్రథమం. 2021 ఆగస్టులో డెల్టా తరంగం వచ్చినప్పుడు నాలుగు గోడల మధ్య మాస్కు తప్పనిసరి అనే నియమాన్ని కౌంటీ మళ్ళీ విధించింది. డిసెంబరు 15న, ఒమిక్రాన్ వ్యాపిస్తుండగా, రాష్ట్రమంతటికీ అటువంటి ఆజ్ఞయే వచ్చింది. రెండు నెలల అనంతరం, 2022 ఫిబ్రవరి 16న, టీకాలు వేయించుకున్నవారికి రాష్ట్రం ఆ నియమాన్ని తొలగించింది. చుట్టుప్రక్కల బే ఏరియా కౌంటీలన్నీ రాష్ట్రాన్ని అనుసరించాయి. శాంటా క్లారా ఒక్కటే అనుసరించలేదు. దినసరి కొత్త కేసుల ఏడురోజుల సగటు 550కి దిగి, కనీసం ఒక వారం అక్కడే నిలిస్తే తప్ప ఆజ్ఞను ఉపసంహరించబోమని ఆ కౌంటీ ఆరోగ్యాధికారిణి డాక్టర్ సారా కోడీ ప్రకటించారు.

మిల్పిటాస్‌కు ఆనుకొని ఉత్తరాన ఉన్నది ఫ్రీమాంట్ నగరం. అది అలమేడా కౌంటీలోనిది. 880వ నంబరు రహదారి మీద డిక్సన్ ల్యాండింగ్ రోడ్డు పరిసరాలు దాటితే కౌంటీ మారుతుంది. అంటే ఫిబ్రవరి 16 మొదలుకొని, పది నిమిషాల ప్రయాణంలో నియమం ఉన్న దేశం నుండి నియమం లేని దేశానికి చేరవచ్చు. సత్సంగంలో సగం కుటుంబాలు మిల్పిటాస్, శాన్‌హోసేలవి. తక్కిన సగం ఫ్రీమాంట్‌వి.

ఫిబ్రవరి 19, శనివారం. ప్రవచనం ముగిశాక ఫ్రీమాంట్ నుండి వచ్చే ఒక యువకుడు లేచి నమస్కరించాడు. "మాస్టారూ, శివరాత్రి వస్తోంది. ఈసారి అభిషేకం మా వైపు హాలులో చేసుకుందామండీ. అక్కడ మాస్కు అక్కర్లేదు. చట్టాన్ని అతిక్రమించడమూ కాదు," అన్నాడు.

అతని వాదన నిర్హేతుకమైనది కాదు. సభలోని పెద్దలందరూ టీకాలు వేయించుకున్నారు. చాలామంది మూడవ మోతాదు కూడా పొందారు. ఒమిక్రాన్ తరంగం తగ్గుముఖం పట్టింది. అతని ఏడేళ్ళ కుమారుడు ఆ సత్సంగంలోనే శ్లోకాలు నేర్చుకుంటున్నాడు. ప, ఫ, బ, భ, మ అనే ఓష్ఠ్యాక్షరాలు పెదవుల కలయికతో పుట్టేవి. గురువు పెదవులను శిష్యుడు చూడాలి, శిష్యుని పెదవులను గురువు చూడాలి. గుడ్డ అడ్డుగా ఉంటే ఫలానికి పలం అని పలికినా తెలియదు. ఈ బాధ మాస్టారిది కూడా. "ప్రసాదం తినేటప్పుడు అందరం మాస్కులు తీస్తూనే ఉన్నాం కదండీ! ఆ పది నిమిషాలు వైరస్ ఆగుతుందా?" అని కూడా ఆ యువకుడు అడిగాడు. దానికి ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు.

మాస్టారి మనస్సును అన్నిటికంటె ఎక్కువగా కదిలించినది మరొక మాట. "అమ్మగారికి వినికిడి తక్కువ. ఆవిడ మీ పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారు. ఆరు నెలల నుంచి ఆవిడ ఈ హాలులో ఊరికే కూర్చుని వెళ్తున్నారు." అది సత్యం. నలభై ఏడేళ్ళు భర్త ప్రవచనాలు విన్న ఆ ఇల్లాలు ఇప్పుడు వరుసలో కూర్చుని, ఇతరులు తల ఊపినప్పుడు తానూ ఊపుతున్నది.

రెండవ పక్షాన మాట్లాడినది ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక సోదరి. "సోకినవారు మాస్కు పెట్టుకుంటే బయటికి వచ్చేది తగ్గుతుంది. సోకనివారు పెట్టుకుంటే లోపలికి వెళ్ళేది తగ్గుతుంది. ఇద్దరూ పెట్టుకుంటే రక్షణ ఎక్కువ. జనవరిలో మా వార్డు ఎలా ఉందో నేను చూశాను మాస్టారూ. కొద్ది వారాలు ఓపిక పట్టలేమా?" అన్నది. ఆమె చూపు ఒక క్షణం వెనుక వరుసవైపు మళ్ళింది. అక్కడ, కిటికీ ప్రక్కన, ఎప్పుడూ ఎన్-95 మాస్కుతో కూర్చునే ఒక సాధకురాలు ఉన్నది.

ఆమె విషయం అందరికీ తెలుసు. 2019లో ఆమెకు మూత్రపిండ మార్పిడి జరిగింది. అవయవాన్ని ఇచ్చినవాడు స్వయాన తమ్ముడు. శరీరానికి స్వ, పర భేదం సహజం. తనది కానిదాన్ని అది శత్రువుగా ఎంచి తిరస్కరిస్తుంది. ఆ భేదబుద్ధిని అణచివేసే మందులు ఆమె ప్రతిదినం సేవించాలి. వాటివల్ల తమ్ముని మూత్రపిండం నిలుస్తుంది. వాటివల్లనే రోగనిరోధకశక్తి క్షీణించి, టీకా వేయించుకున్నా ఇతరులకు లభించినంత రక్షణ లభించకపోవచ్చు. అటువంటివారికి అదనపు మోతాదును 2021 ఆగస్టులోనే అమెరికా ప్రభుత్వం అనుమతించింది ఇందుచేతనే.

చర్చ క్రమంగా వాగ్వాదమైంది. ఒకరు "భయస్థులు" అన్నారు. మరొకరు "స్వార్థపరులు" అన్నారు. ఎదుటివారి జాగ్రత్త భయంగానూ, ఎదుటివారి స్వేచ్ఛ స్వార్థంగానూ కనబడటం ఎంతసేపు? ఆమె మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. హారతి కాకముందే లేచి వెళ్ళిపోయింది.

ఈ వివాదం ఆ ప్రాంతానికి నూతనమైనది కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చినప్పుడు సమీపంలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కును శాసనం ద్వారా తప్పనిసరి చేసింది. నవంబరు 21న మధ్యాహ్నం ఈల మ్రోగగానే శాసనం తొలగింది. జనులు మాస్కులను వీధులలోకి విసిరివేసి సంబరపడ్డారు. కొద్ది వారాలలోనే వ్యాధి మళ్ళీ విజృంభించింది. 1919 జనవరిలో శాసనం పునరుద్ధరింపబడగా, దానికి ప్రతిఘటనగా మాస్కు వ్యతిరేక సమితి ఒకటి ఏర్పడి బహిరంగసభ జరిపింది. ఫిబ్రవరి 1న ఆ రెండవ శాసనం కూడా రద్దయింది. ఒక శతాబ్దం గడిచినా మానవుని అంతఃకరణం మారలేదు. నియమం ఎప్పుడు తొలగాలి, ఎవరి కొరకు తొలగాలి అనే ప్రశ్న అట్లే నిలిచి ఉన్నది.

ఆ రాత్రి ఆ సాధకురాలు మాస్టారికి ఫోను చేసింది. "నా గురించి ఆలోచించకండి మాస్టారూ. మీరందరూ ఫ్రీమాంట్‌లోనే చేసుకోండి. నేను ఇంట్లో కూర్చుని ఫోనులో చూస్తాను. నాకు అలవాటే," అన్నది. ఆమె స్వరంలో నిష్ఠూరం లేదు.

మాస్టారు ఫోను పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య, సమస్య తీరింది" అన్నారు. అమ్మగారు ఆయన ముఖం చూస్తూనే ఉన్నారు. ఇంట్లో మాస్కు లేదు గనుక ఆయన మాట ఆవిడకు స్పష్టంగానే తెలిసింది. ఏమి జరిగిందో అడిగి తెలుసుకున్నారు. కొంతసేపు మౌనంగా ఉండి, "ఏమండీ, కార్తికపౌర్ణమి నాడు గ్రహణం గురించి మీరేం చెప్పారు?" అని అడిగారు.

ఆయనకు గుర్తున్నది. 2021 నవంబరు 18 రాత్రి కాలిఫోర్నియాలో పాక్షిక చంద్రగ్రహణం కనబడింది. అర్ధరాత్రి దాటేసరికి చంద్రబింబం దాదాపు సంపూర్ణంగా గ్రస్తమైంది. ఆంధ్రదేశంలో అది కనబడలేదు. అక్కడి బంధువులు నియమాలేవీ పాటించడం లేదని, ఇక్కడ మాత్రం ఎందుకని సత్సంగంలో కొందరు ప్రశ్నించారు. అప్పుడు మాస్టారు వివరించారు: గ్రహణం ఏ దేశంలో కనబడుతుందో ఆ దేశానికే దాని నియమం, చంద్రుడు ఒక్కడే అయినా చూచేవాని ఆకాశాన్నిబట్టి నిమిత్తం నిర్ణీతమవుతుంది. శివరాత్రి విషయంలోనూ అంతే. భారతదేశంలో మార్చి 1న పండుగ. కాలిఫోర్నియాలో నిశీథవేళకు చతుర్దశి ఉన్న రాత్రి ఫిబ్రవరి 28. అందుచేత అక్కడివారికి 28వ తేదీయే శివరాత్రి. ఈ లెక్కలన్నీ ఆయన స్వయంగా వేసి అందరికీ పంపినవే.

అమ్మగారు నెమ్మదిగా అన్నారు: "మనకు విడిచింది. ఫ్రీమాంట్ వాళ్ళకూ విడిచింది. ఆ పిల్లకి విడవలేదుగా. మనం పట్టువిడుపు స్నానం చేసేసి, ఆ పిల్లని చీకట్లో కూర్చోమంటున్నామా?"

"నీ కోసమే కదా ఒప్పుకుందామనుకున్నది," అన్నారు మాస్టారు.

"నా కోసమని నన్ను అడిగారా? మీరు చెప్పేది రాసి ఇస్తే చదువుకుంటాను. నాకు చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు."

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఆయనను బాధించినది వాదంలోని జయాపజయాలు కావు. "మీరందరూ చేసుకోండి" అని ఆమె అన్నప్పుడు తన హృదయంలో మొట్టమొదట కలిగిన భావమేమిటి? ఊరట. ఒక స్త్రీ తనకు ప్రాప్తించిన సత్సంగాన్ని వదులుకుంటున్నానని చెప్పినప్పుడు, సత్సంగ ప్రవక్తకు ఊరట కలిగింది. త్యాగం ఎవరికివారు చేయవలసినది. ఇతరుల త్యాగాన్ని తన సౌకర్యంగా స్వీకరించి, దానిని వారి ఔదార్యమని ప్రశంసించడం సూక్ష్మమైన అపహరణం. ఆ మాసంలో సత్సంగంలో సాగుతున్నది గీత మూడవ అధ్యాయం. తనకు సాధింపవలసినదేదీ లేనివాడు కూడా లోకసంగ్రహార్థం కర్మ చేయాలన్నది అక్కడి ఉపదేశం. జీవితంలో ఎన్నోమార్లు ఆయన దానిని వ్యాఖ్యానించారు. బంధం నుండి విడివడినవాడు, విడివడనివాని నిమిత్తం ఆచరించే కర్మకు ఆ పేరు. అది జ్ఞానుల విషయమని, తనవంటివారికి దూరమని ఆయన అనుకుంటూ వచ్చారు. ఇప్పుడది మూరెడు గుడ్డ రూపంలో, ఇంటి గుమ్మం వద్దకే వచ్చింది.

మరునాడు ఆయన ఆ యువకునికి ఫోను చేసి, శివరాత్రి మిల్పిటాస్‌లోనే జరుపుకుందామని చెప్పారు. అతడు నొచ్చుకున్నాడు. అయినా మర్యాద తప్పలేదు. "ఒక్క సందేహం మాస్టారూ. ఆమెకు ఆ మందులు జీవితాంతం ఉంటాయి. అంటే ఆమెకి ఎప్పటికీ గ్రహణమే. అందరం ఎప్పటికీ మాస్కులు పెట్టుకోవాలా? నైమిత్తికాన్ని నిత్యం చేసేస్తే అది శాస్త్రమా?"

ఆ ప్రశ్న కఠినమైనది; న్యాయమైనది కూడా. మాస్టారు వెంటనే సమాధానం ఇవ్వలేదు. సాయంకాలం మళ్ళీ ఫోను చేసి చెప్పారు. "నువ్వు అడిగింది సబబు, నాయనా. కౌంటీ ఈ ఆజ్ఞను ఎత్తివేస్తే నేను తప్పుపట్టను. 19 లక్షల మంది ముఖాలు ఎల్లకాలం కప్పి ఉంచమని ఏ అధికారీ అనకూడదు. అది సామాన్యధర్మం, నిమిత్తంతో వచ్చింది, నిమిత్తంతో పోతుంది. కానీ మన హాలులో ఎవరు కూర్చుంటారో మనకు తెలుసు. అంగడిలో పక్కన నిలబడ్డవాడి మందులేమిటో నీకు తెలియదు, తెలుసుకోనక్కరలేదు. తెలిసినచోట విశేషధర్మం పుడుతుంది. ఆమె రాని చోట నిన్ను మాస్కు పెట్టుకోమని నేను అనను. ఆమె వచ్చే గంటన్నర మాత్రం పెట్టుకోమంటున్నాను."

యువకుడు పూర్తిగా సమ్మతించలేదు. "ఆలోచిస్తానండీ," అన్నాడు.

ఫిబ్రవరి 28 రాత్రి మిల్పిటాస్ హాలులో రుద్రాభిషేకం జరిగింది. కిటికీలన్నీ తెరిచారు, చలిగాలి వీచింది. శాలువలు కప్పుకొని కూర్చున్నారు. నమకం సగం కాకముందే మాస్టారి మాస్కు ఊపిరితో తడిసి ముద్దయింది. మార్చి మరొకటి కట్టుకొని తిరిగి ప్రారంభించారు. కొన్ని ఆలయాలలో నైవేద్యం వండేవారు తమ శ్వాస స్వామికి నివేదించే అన్నాన్ని తాకరాదని నోటికీ ముక్కుకూ వస్త్రం కట్టుకుంటారు. ఆ రాత్రి ఆయనకు ఆ ఆచారం జ్ఞప్తికి వచ్చింది. తన శ్వాస వెనుక వరుసలోని ఈశ్వరరూపాన్ని తాకకుండా కట్టుకున్నాననుకుంటే, తడిసిన గుడ్డ బరువు తగ్గింది. అమ్మగారి ఒడిలో పెద్ద అక్షరాలతో వ్రాసిన పదకొండు పుటలున్నాయి. ప్రసాదం పొట్లాలు కట్టి ఇండ్లకు ఇచ్చారు. ఫ్రీమాంట్ యువకుడు కుమారునితో వచ్చి, మాస్కుతోనే కూర్చుని, ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడకుండా వెళ్ళాడు.

మార్చి 2న శాంటా క్లారా కౌంటీ ఆజ్ఞను ఉపసంహరించింది. మార్చి 5, శనివారం నాటికి హాలు తలుపు మీది ప్రకటన కాగితం లేదు. సత్సంగం ఒక ఏర్పాటు చేసుకున్నది. పిల్లల ఉచ్చారణ పాఠం ఆదివారం ఉదయం పార్కులో, చెట్టు క్రింద, మాస్కులు లేకుండా. శనివారపు ప్రవచనం హాలులో, మాస్కులతో. ఏ వారమైనా ఆ సాధకురాలు రాలేనని ముందుగా తెలియజేస్తే ఎవరి ఇష్టం వారిది. మాస్టారి ప్రవచనం వ్రాతప్రతి అమ్మగారికి ఒక దినం ముందే అందుతుంది.

ఈ ఏర్పాటు అందరినీ సంతృప్తిపరచలేదు. రెండు కుటుంబాలు రావడం మానివేశాయి. ఫ్రీమాంట్ యువకుడు శనివారాలు అరుదుగా వస్తున్నాడు. కుమారుణ్ణి మాత్రం ప్రతి ఆదివారం పార్కుకు తీసుకువస్తున్నాడు. ఆ బాలుని ఫకారం ఇప్పుడు స్పష్టంగా పలుకుతున్నది. మానివేసినవారిని గురించి సభలో ఎవరైనా నిందగా మాట్లాడబోతే మాస్టారు వారిస్తున్నారు. వారి ఆకాశంలో గ్రహణం నిజంగానే విడిచింది. దానిని విడిచిందని అనడం అసత్యం కాదు.

సాధకులు ఇక్కడ విచారింపదగినది ఒకటున్నది. రాజాజ్ఞ ఉన్నంతకాలం ధర్మాచరణ సులభం. ఆచరించకపోతే దండన ఉంటుంది. ఆచరిస్తే అందరితోపాటు ఆచరించినట్లే. ఆజ్ఞ తొలగిన మరుక్షణం మనుష్యుడు తన వివేకంతో ఒంటరిగా మిగులుతాడు. అప్పుడు అతడు వేసుకోవలసిన ప్రశ్న "నాకు విడిచిందా?" అన్నది మాత్రమే అయితే, సమాధానం ఎల్లప్పుడూ త్వరగానే దొరుకుతుంది. ప్రక్కన ఉన్నవారికి విడిచిందా అని అడిగితే కొంత ఆలస్యమవుతుంది, కొంత అసౌకర్యం కలుగుతుంది, కొందరితో విభేదమూ రావచ్చు. అహింస అనే వ్రతానికి మూల్యం తరచుగా ఈ చిల్లరలోనే చెల్లింపవలసి వస్తుంది.

ఇప్పటికీ ఆ హాలు గుమ్మం వద్ద చిన్న బల్లమీద మాస్కుల పెట్టె ఒకటి ఉన్నది. దాని మీద ఏ ప్రకటనా లేదు. వచ్చిన ప్రతివారూ లోపలికి చూస్తారు. కిటికీ ప్రక్కన ఆమె కూర్చుని ఉంటే, ఒకటి తీసుకొని కట్టుకుంటారు.

స్వస్తి.